చూడి ఆవు కడుపులో సాంబారు కవర్లు: ఒక రూమెనాటమీ (పెద్ద పొట్ట కోసే ఆపరేషన్) కేసు

రోగి ఆరేళ్ళ జెర్సీ సంకరజాతి ఆవు. మూడో ఈత, అయిదో నెల చూడి. ఊరు కృష్ణా డెల్టాలోని ఒక మున్సిపల్ పట్టణం. యజమానురాలికి మూడు పశువులున్నాయి గానీ సెంటు పొలం లేదు. పొద్దున్నే పాలు పితికి ఇళ్ళకు పోసి వచ్చాక పశువుల్ని విప్పేస్తుంది. అవి కూరగాయల మార్కెట్, టిఫిన్ బండ్ల వీధి, ఫంక్షన్ హాలు వెనక సందు చుట్టేసి సాయంత్రం పాలవేళకు వాటంతటవే ఇల్లు చేరతాయి.

పట్టణాల్లో పనిచేసే పశువైద్యులకు ఇలాంటి కేసు కొత్తేమీ కాదు. అయితే కడుపులోంచి తీసిన చెత్తను గుంటలో పూడ్చేసి చేతులు కడుక్కోవడమే మనకు అలవాటు. ఈసారి మా సిబ్బంది దాన్ని కడిగి, ఆరబెట్టి, ఏది ఎక్కడిదో వేరుచేశారు. అది చూశాక నాకు ఒక సంగతి స్థిరపడింది. పశువును చంపుతున్న ప్లాస్టిక్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనది, లోపల తిండి ఉండగానే ముడివేసి పారేసిన పల్చటి కవరు. ఈ కేసు వివరంగా రాస్తున్నది అందుకే.

ఎలా వచ్చింది

రెండు నెలలుగా మేత తగ్గింది. పాలు సగానికి పడిపోయాయి. ఎడమ డొక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. అంతకుముందు ఉబ్బరం మందు తాగించారు, ఒకసారి ట్రోకార్ అనే బోలు సూది గుచ్చి గ్యాస్ తీశారు, లివర్ టానిక్ పట్టించారు. ప్రతిసారీ రెండు మూడు రోజులు తేలికపడి మళ్ళీ మొదటికొచ్చింది.

యజమానురాలు చెప్పిన మాటల్లో ఒకటి మిగతా అన్నిటికంటే పనికొచ్చింది. “గడ్డేస్తే మూతి పెట్టి వదిలేస్తందండి డాక్టరుగారూ. ఏమీ తినకుండానే కడుపు మాత్రం నిండుగా ఉంటందండి.” మేత లేని పశువుకు డొక్క లోపలికి పోవాలి. తినకపోయినా నిండుగా ఉందంటే, ఆ నిండుదనం మేతది కాదు. ఈ ఒక్క మాట వినగానే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

పరీక్షలో కనిపించినవి

జ్వరం లేదు, 101.2 డిగ్రీల ఫారెన్‌హీట్. నాడి 76. కళ్ళు కొద్దిగా లోపలికి పోయాయి, చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా జారింది. రూమెన్, అంటే ఆవు నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్ద పొట్ట, మామూలుగా నిమిషానికి ఒకటో రెండో సార్లు కదలాలి. ఇక్కడ స్టెతస్కోపు పెట్టి వింటుంటే రెండు నిమిషాలకు ఒక బలహీనమైన కదలిక వినిపించింది. డొక్కలో పిడికిలితో నొక్కితే గుంటపడి అలాగే నిలిచింది. పేడ కొంచెమే వస్తోంది, అదీ నల్లగా, జిగటగా. రెక్టల్ పరీక్షలో రూమెన్ వెనక భాగం కటిఎముక దాకా తోసుకొచ్చి చేతికి మెత్తని ముద్దలా తగిలింది. చూడి మాత్రం సరిగానే ఉంది.

గొట్టంతో రూమెన్ ద్రవం తీసి సూక్ష్మదర్శిని కింద చూశాం. చురుగ్గా ఈదాల్సిన ప్రోటోజోవా (ఏకకణ జీవులు) అక్కడక్కడా ఒకటి, అవీ నీరసంగా. మిథిలిన్ బ్లూ పరీక్షలో ఆరోగ్యమైన ద్రవం 3 నుంచి 6 నిమిషాల్లో నీలిరంగును పోగొడుతుంది. ఈ ఆవు ద్రవంలో పావుగంట దాటినా రంగు అలాగే ఉంది. అంటే లోపలి సూక్ష్మజీవులు పని దాదాపు ఆపేశాయి.

మేకో తీగో గుచ్చుకుందేమోనన్న అనుమానం ఇలాంటప్పుడు తప్పనిసరిగా రావాలి. లోహం పట్టే పరికరం మోగింది కూడా. కానీ పట్టణంలో తిరిగే ఆవుల్లో అది మోగడం మామూలే, గుచ్చుకుందని దానితో తేలదు. మూపు గిల్లితే నడుం వంచింది, రొమ్ము కింద కర్ర పెట్టి ఎత్తితే మూలగలేదు, మెడసిర ఉబ్బలేదు. అంటే గుచ్చుకున్న గుర్తులేవీ లేవు. మూత్రంలో కీటోన్లు లేవు, అంటే ఒంట్లో కొవ్వు కరిగి మేత మానే కీటోసిస్ జబ్బు కాదు. ఎడమపక్క వేలితో తట్టి వింటే నాలుగో పొట్ట పక్కకు జరిగినప్పుడు వచ్చే ఖంగుమనే శబ్దం లేదు. ఎక్స్-రే అడిగేవాళ్ళకు చెప్పాల్సింది ఒకటే: పాలిథిన్ ఎక్స్-రేలో కనిపించదు. ఈ జబ్బును పట్టించేవి చెయ్యి, చెవి, యజమాని చెప్పే మాట.

కోయాలా, ఆగాలా

“కడుపులో దూడకేమీ కాదా డాక్టరుగారూ?” అని ఆమె అడిగింది. “ఏమీ కాదని మాట ఇవ్వలేనమ్మా. కోయకపోతే మాత్రం ఇద్దరికీ ప్రమాదమే” అన్నాను. చివరి మూడు నెలల్లో గర్భసంచి పెరిగి రూమెన్ కిందికి చొచ్చుకుపోతుంది. ఇప్పుడే ఇంత బిగుసుకుపోయిన పొట్టకు అప్పుడు చోటు ఉండదు. ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెరిగి ఏదో ఒక రాత్రి ఉబ్బరంతోనే పోతుంది. అయిదో నెలలో కోస్తే కోలుకోవడానికి వ్యవధి మిగులుతుంది. ఆమె రెండు రోజులు ఇంట్లో మాట్లాడుకుని సరేనంది. ఈలోగా సెలైన్లు, కాల్షియం ఎక్కించి ఆవును కాస్త నిలబెట్టాం.

ఆపరేషన్

ట్రెవిస్‌లో నిలబెట్టే చేశాం. మత్తు కోసం జైలజీన్ వాడలేదు. అది గర్భసంచిని సంకోచింపజేస్తుంది, అసలే కదలని రూమెన్‌ను ఇంకా పడుకోబెడుతుంది. 2 శాతం లిగ్నోకైన్‌తో డొక్క మీద తలకిందుల ఎల్ ఆకారంలో మత్తు కట్టాం. ఎడమ డొక్కలో జానెడు కంటే కాస్త ఎక్కువ కోత. చర్మం, మూడు కండరాల పొరలు, పెరిటోనియం (పొట్ట కుహరం లోపలి పల్చటి పొర) దాటాక రూమెన్ గోడను ముందుగా చర్మానికి చుట్టూ కుట్టేశాం. లోపలి ద్రవం చుక్క కూడా పొట్ట కుహరంలో పడకూడదు. పడితే పెరిటోనైటిస్, అంటే ఆ పొరకు వాపు. చిన్న ఆసుపత్రుల్లో రూమెన్‌ను పట్టి ఉంచే ఫ్రేము లేకపోయినా ఈ కుట్టుతో పని జరిగిపోతుంది, కాకపోతే తొందరపడకూడదు.

రూమెన్ తెరిచి చెయ్యి పెడితే గడ్డి పొర తగలాలి. తగిలింది మోకు. కవర్లు ఒకదానికొకటి మెలిపడి, మధ్యలో నైలాన్ దారం, గోనెపీచు, జుట్టు చిక్కుకుని చేతిమందం తాడుగా తయారయ్యాయి. ఒక కొస పట్టి లాగితే మొత్తం కదిలింది గానీ ఊడిరాలేదు. భుజం దాకా చెయ్యి పెట్టి కత్తెరతో ముక్కలు చేసుకుంటూ తీయాల్సి వచ్చింది. కొన్నిచోట్ల లవణాలు పేరుకుని ఆ ముద్ద రాయిలా గట్టిపడింది. రెండో పొట్ట అడుగున అయస్కాంతం తిప్పితే రెండు మేకులు, ఒక సూది, కొంత తీగ వచ్చాయి. ఏవీ గుచ్చుకోలేదు. మూడో పొట్టకు దారితీసే ద్వారంలో ఒక కవరు సగం దూరి ఉంది. మేత ముందుకు సాగకపోవడానికి అసలు కారణం ఆ ఒక్క కవరే అనుకుంటున్నాను.

ప్లాస్టిక్ తీశాక ఉన్న గడ్డినంతా ఊడ్చేయకూడదు. కొంత వదిలి, పక్కనున్న ఆరోగ్యమైన ఆవు నెమరును లోపల పెట్టాం. రూమెన్‌కు కావలసిన సూక్ష్మజీవులు ఆ నెమరుతోనే చేరతాయి. తర్వాత రెండు వరసల కుట్టు, కండరాలకు కుట్టు, చర్మానికి నైలాన్. నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చాం. నొప్పి మందు డైక్లోఫెనాక్ చేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నాయని, పశువులకు దాన్ని మన దేశం 2006లో నిషేధించింది. ఇప్పటికీ మందుల షాపులో మనుషుల డైక్లోఫెనాక్ కొనుక్కొచ్చి పశువుకు చేయమనేవాళ్ళు ఉన్నారు గనక ఈ మాట రాస్తున్నాను.

బయటపడ్డ సరుకు

తడిగా తూస్తే 34 కిలోలు. 2019లో చెన్నైలోని పశువైద్య విశ్వవిద్యాలయం వైద్యులు ఒక ఆవు కడుపులోంచి 52 కిలోల ప్లాస్టిక్ తీసినట్టు వార్తలొచ్చాయి. ఇలాంటి అంకెలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: తడి బరువులో నీరు, మేత, బురద అన్నీ కలిసి ఉంటాయి. మా ముద్దను కడిగి ఆరబెట్టాక మూడో వంతు కూడా మిగల్లేదు. అంత తేలికైన వస్తువు ఒక బలమైన ఆవును చావు దాకా తీసుకెళ్ళిందని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమాదం ప్లాస్టిక్ బరువులో లేదు. అది పొట్టలో ఆక్రమించే చోటులో, మూసేసే దారిలో ఉంది.

ఆరిన సరుకును నేలమీద పరిచి చూస్తే ఎక్కువ భాగం తిండి ప్యాకింగే. సాంబారు, పప్పు, చట్నీ కట్టే పల్చటి ఎల్‌డీ (తక్కువ సాంద్రత పాలిథిన్) కవర్లు. గరగరలాడే హెచ్ఎం (ఎక్కువ అణుభారమున్న పాలిథిన్) కవర్లు. పాలప్యాకెట్లు, వాటర్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ పూత వేసిన కాగితం విస్తళ్ళ ముక్కలు, చిప్స్ ప్యాకెట్లు. రబ్బరు బ్యాండ్లయితే దోసిలి నిండా వచ్చాయి. బట్టల షాపు కవర్లు, మందుల షాపు కవర్లు ఉన్నాయి గానీ చాలా తక్కువ.

వాటిలో ఒక కవరు ఇంకా ముడి విప్పకుండానే ఉంది. కత్తిరించి చూస్తే లోపల బూడిదరంగు నీళ్ళు, ఒక కరివేపాకు ఈనె, ములక్కాడ పీచు. కొన్ని నెలలు ఆవు కడుపులో ఉండి కూడా ఆ సాంబారు ఆవుకు అందలేదు. దాని వాసన మీదే ఆవు ఆ కవరును మింగింది.

ఆవు మేసే తీరు తెలిస్తే ఇది ఆశ్చర్యమనిపించదు. మేక పెదవులతో ఏరుకుని తింటుంది. ఆవు నాలుక చుట్టి లాక్కుని, నమలకుండా మింగి, తీరిగ్గా నెమరేస్తుంది. ఖాళీ కవరునైతే చాలాసార్లు వదిలేస్తుంది. ఉప్పు, నూనె, పులిసిన అన్నం వాసన ఉంటే వదలదు. ముడివేసి ఉంటే లోపలున్నది విడిగా తినడానికి వీలుండదు గనక కవరుతో సహా లోపలికి పోతుంది. భాస్వరం, ఉప్పు తక్కువైన పశువుకు కనిపించినదల్లా నాకే గుణం తోడవుతుంది. వీధి పశువుల్లో ఆ లోపం చాలా మామూలు.

ఎందుకు బయటికి పోదు

“మింగింది కదా, పేడలో పోదా?” అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. రూమెన్ నుంచి మూడో పొట్టకు దాటేది నలిగిన మేత మాత్రమే, కొద్ది మిల్లీమీటర్లకు మించని ముక్కలు. పెద్దవాటిని ఆ ద్వారం వెనక్కి పంపేస్తుంది, నెమరు వచ్చి మళ్ళీ నలగాలి. పాలిథిన్ నలగదు. పైగా దాని సాంద్రత నీటికంటే తక్కువ, ఎల్‌డీకి ఘన సెంటీమీటరుకు 0.91 నుంచి 0.94 గ్రాములు. అందువల్ల పైపొరలో గడ్డితో కలిసి తేలుతూ ఉంటుంది. పొట్ట చిలికే కొద్దీ మెలిపడుతుంది. ఒకసారి లోపలికి వెళ్ళిన కవరు ఆవు బతికున్నంత కాలం అక్కడే.

రూమెన్ సూక్ష్మజీవులు ప్లాస్టిక్‌ను కరిగిస్తాయన్న వార్త 2021లో చాలామంది నాకు పంపారు. ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు చేసిన ఆ పని నిజమే. వాళ్ళు పరీక్షించినవి నీళ్ళ సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌తో సహా కొన్ని పాలిఎస్టర్లు. సాంబారు కవరు పాలిఎస్టర్ కాదు, పాలిథిన్. దాని అణువుల గొలుసును తెంచే ఆధారం ఆ సూక్ష్మజీవుల ఎంజైములకు దొరకదు.

ఇక కంపోస్ట్ అయ్యే కవర్లు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల తయారుచేసిన కవర్లను 2021 ఆగస్టులో తిరుమల లడ్డూల కోసం ప్రవేశపెట్టారు. ఆ ప్రయత్నం మంచిదనే నా నమ్మకం, చెత్త విడిగా సేకరించే వ్యవస్థ ఉన్నచోట ఇంకా మంచిది. కానీ కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు పెట్టే పరీక్ష సుమారు 58 డిగ్రీల కంపోస్ట్ కుప్పను దృష్టిలో పెట్టుకున్నది. ఆవు పొట్టలో ఉండేది 39 డిగ్రీలు, గాలిలేని ద్రవం. పచ్చ ఆకు గుర్తు చూసి “ఇది ఆవు తిన్నా ఏమీ కాదు” అనే మాట దయచేసి ఎవరూ అనవద్దు.

కాగితానికి మారితే సరిపోతుందా అంటే, మన టీ కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పూతే. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2020లో చూపించారు: 85 నుంచి 90 డిగ్రీల వేడినీళ్ళు 100 మిల్లీలీటర్లు ఆ కప్పులో పావుగంట ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలోకి వస్తాయి. వార్తాపత్రికలో బజ్జీలు చుట్టడాన్ని ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే కాదంది.

వీధిలో

ఈ కవర్లు పాత సామాన్లవాడి దగ్గరికి ఎందుకు పోలేదు? వాటర్ బాటిల్ కొంటాడు, పాలప్యాకెట్ కడిగి ఇస్తే కొన్నిచోట్ల కొంటాడు. నూనె అంటిన, కిలోకు వందల సంఖ్యలో తూగే పల్చటి కవరును ఎవడూ వంగి ఏరడు. ఏరినా కడగడానికయ్యే ఖర్చు రాదు. ప్రపంచంలో 2015 దాకా పుట్టిన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం, మిగిలిన 79 శాతం డంపుల్లోనో బయటో ఉందని 2017లో వచ్చిన లెక్క. ఆ 79లోకి మొదట చేరేది ఇలాంటి సరుకే. ఆవు మింగనివి మురుగుకాలవలో పడతాయి, డెల్టాలో మురుగు చివరికి కలిసేది సముద్రంలోనే. లేదా తెల్లవారుజామున చెత్తకుప్పతో పాటు తగలబడతాయి.

చట్టం లేదా అంటే ఉంది. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లో వచ్చాయి. 2021 సెప్టెంబరు 30 నుంచి చేతిసంచి మందం కనీసం 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీటు డబ్బాల మీద చుట్టే రేపర్లు వంటివి నిషేధం. అయితే చేతిసంచి అంటే పట్టుకునేందుకు పిడి ఉన్నది. పిడి లేకుండా సరుకు చుట్టే కవరుకు నిబంధన 50 మైక్రాన్లే. వీధిలో దొరికే సాంబారు కవరు అంతకంటే పల్చన అని వేళ్ళ మధ్య నలిపితేనే తెలుస్తుంది. దాడులు జరిగినప్పుడు పట్టుబడేవి కూడా ఎక్కువగా పిడి ఉన్న సంచులే. పుట్టపర్తి ప్రాంతపు జంతు సంక్షేమ సంస్థ కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది సరిగ్గా ఆవుల కడుపుల్లోని ఈ కవర్ల మీదే. ఆ తర్వాత ఇన్ని నిబంధనలు వచ్చినా కేసులు మా బల్ల మీదికి వస్తూనే ఉన్నాయి.

ఆవు తిరిగే వీధిలోని ఒక కర్రీ పాయింట్ యజమానితో మాట్లాడాను. ముడి విప్పని ఆ కవరు కత్తిరించినప్పుడు తీసిన ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. “డబ్బాలో ఇస్తే కూర రేటు పెంచాలండీ. ఇరవై రూపాయల పప్పుకు డబ్బా ఖర్చు ఎవరిస్తారు?” అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. ఇంటినుంచి స్టీలు క్యారియర్ తెచ్చుకున్నవాళ్ళకు ఒక గరిటె ఎక్కువ వేస్తానని చివరికి తనే అన్నాడు, వేస్తున్నాడు కూడా. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గిన్నెలు తెచ్చుకుంటున్నారు. రాత్రి ఆఫీసు నుంచి నేరుగా వచ్చే కుర్రాళ్ళకు మాత్రం ఇంకా కవరే. వాళ్ళకు గట్టి మూత డబ్బా ఇచ్చినా పశువైద్యుడిగా నాకు సమ్మతమే. అదీ ప్లాస్టిక్కే, కానీ ఆవు దాన్ని మింగలేదు, ఇంట్లో పోపులడబ్బాగా పనికొస్తుంది, పాత సామాన్లవాడు కొంటాడు.

ఇంకొక అలవాటు గురించి చెప్పకుండా ఉండలేను. గోగ్రాసం అని భక్తితో అన్నం, బెల్లం, అరటిపళ్ళు కవరులో తెచ్చి, ఆవు ముందు కవరుతోనే పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు. కార్తీకమాసంలో, తద్దినాలప్పుడు మరీ ఎక్కువ. పెట్టేది చేత్తో పెట్టండి, కవరు వెనక్కి తీసుకెళ్ళండి. మిగిలిన కూర పారేయక తప్పకపోతే ముడి విప్పి, కూరను తడిచెత్త బకెట్లో వంచి, కవరును పొడిచెత్తలో వేయండి. అర నిమిషం పని.

తర్వాత

మూడో రోజు నెమరు వేసింది. చర్మం కుట్లు రెండు వారాలకు విప్పాం, ఒక మూల కాస్త చీము పట్టి మానింది. పాలు నెలలోపు చాలావరకు పుంజుకున్నాయి. నెలలు నిండాక పెయ్యదూడను ఈనింది, తల్లీ దూడా బాగున్నాయి.

ఆవును మళ్ళీ వీధిలోకి వదలవద్దని చెప్పడం తేలిక. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబే కష్టం: “ఇంటి దగ్గర కట్టేస్తే ఏం పెట్టను డాక్టరుగారూ?” డెల్టా నిండా వరి పండుతుంది, గడ్డి మాత్రం దొరకదు. హార్వెస్టర్ కోసిన చేలో గడ్డి ముక్కలై చెల్లాచెదురవుతుంది, చాలాచోట్ల అక్కడే తగలబెడతారు. కట్టలుగా వచ్చే గడ్డి ధర పాలమ్ముకుని బతికేవాళ్ళకు అందదు. పశువు రోడ్డెక్కడానికి అసలు కారణం ఇది. బందెలదొడ్డికి తోలి జరిమానా వేస్తే ఆమె ఇంకొంచెం అప్పులోకి పోతుంది తప్ప ఆవుకు మేత పుట్టదు. ప్రస్తుతానికి మార్కెట్‌లో సాయంత్రం మిగిలే కూరగాయల ఆకులు, కాలిఫ్లవర్ మట్టలు ఇద్దరు వ్యాపారులు గంపలో విడిగా పెట్టి ఆమెకు ఇస్తున్నారు. ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పురాయి ఇంటి దగ్గర పెట్టించాం. ఆవు సగం రోజు కట్టుమీద, సగం రోజు బయట. మిగిలిన రెండు పశువుల్నీ పరీక్షించాను. ఒకదాని డొక్కలో నొక్కితే గుంట నిలుస్తోంది. ఇంకా మేత మానలేదు గనక వారానికోసారి చూస్తున్నాను.

తోటి వైద్యులకు: పట్టణంలో పదేపదే ఉబ్బే పశువు వస్తే మందు రాయడానికి ముందు అది పగలంతా ఎక్కడ తిరుగుతుందో, దగ్గర్లో టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు, ఫంక్షన్ హాళ్ళు ఉన్నాయేమో అడగండి. రెండోసారి ఉబ్బినప్పుడే రూమెన్ ద్రవం చూడండి. అప్పటికి పశువులో కోత తట్టుకునే శక్తి ఉంటుంది. బయటికి తీసిన సరుకును కడిగి, ఫోటో తీసి, ఏ రకం కవర్లు ఎక్కువున్నాయో రాసి మున్సిపాలిటీ ఆరోగ్య విభాగానికి ఒక కాపీ పంపండి. మేం పంపడం మొదలుపెట్టాం.